ఆట అన్నం పెడతదా మామా?

బాన్సువాడలో బస్సు దిగి బీర్కూర్ ఆటో ఎక్కేలోపే అక్క రెండుసార్లు ఫోన్ చేసింది.

"అచ్చినంక పోరనితోని జర మాట్లాడు తమ్మీ. నా మాట ఇంటలేడు. మీ బావ మాటయితె అసలే ఇంటలేడు. నువ్వంటె వానికి ఇష్టం. నువ్వు చెప్తె ఇంటడు."

చెప్పమన్నారు సరే. ఏం చెప్పాలో తెలిస్తే కదా!

విషయం ఏంటంటే, మా అల్లుడు, అంటే అక్క కొడుకు, డిగ్రీ సెకండియర్‌లో ఉన్నాడు. వాలీబాల్ పిచ్చి. మామూలు పిచ్చి కాదు. సాయంత్రం అయిదయిందంటే ఇంట్లో కాలు నిలవదు. జిల్లా టీమ్‌కు ఆడాడు. ఈసారి స్టేట్ సెలెక్షన్స్‌కు పోయొచ్చాడు, లిస్టులో పేరు రాలేదు. వారం రోజులు ఎవరితో మాట్లాడలేదట. ఎనిమిదో రోజు నోరు తెరిచి, "చదువు బంద్ చేస్త. హైదరాబాద్ల అకాడమీల చేరుత" అన్నాడట. ఫీజు, హాస్టల్, తిండి కలిపి ఏడాదికి లక్షన్నర.

బావకు ఉన్నది మూడెకరాల వరి. "లక్షన్నర యాడికెల్లి తేవాలె?" అని ఆయన. "నా బంగారం పెడ్త" అని అక్క, బావకు వినపడకుండా. ఇదీ పరిస్థితి. ఇంట్లో అందరూ అన్నం తింటున్నారు గానీ, ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోవట్లేదు.

రాత్రి తిన్నాక ఇద్దరం మిద్దె మీద పక్కలేసుకున్నాం. మంజీర వైపు నుంచి చల్లటి గాలి. వాడు ఫోన్ నా మొహం ముందు పెట్టాడు.

"మామా, గీ జపానోన్ని సూడు."

రీల్. ముప్పై సెకన్లు. కెయి నిషికోరి 2014 యూఎస్ ఓపెన్ సెమీస్‌లో జొకోవిచ్‌ను ఓడించిన మ్యాచ్. వెనకాల దద్దరిల్లే మ్యూజిక్.

"గిట్ల ఆడాలె మామా. అయినా మన తెలుగోళ్లల్ల గిసొంటోడు ఒక్కడు లేడేంది టెన్నిస్‌ల?"

"సానియా మీర్జా ఉన్నది గదరా."

"సానియా సరే. ఆమె లెవల్ వేరే. మొగోళ్లల్ల?"

"సాకేత్ మైనేని."

"ఎవరాయిన?"

అదీ సంగతి. ఏషియన్ గేమ్స్ గోల్డ్ మెడల్ ఉన్న తెలుగు టెన్నిస్ ప్లేయర్ పేరు, పొద్దున లేస్తే స్పోర్ట్స్ రీల్స్ చూసే పంతొమ్మిదేళ్ల కుర్రాడికి తెలియదు. వాడి తప్పు కాదు. సాకేత్ కెరీర్ ముప్పై సెకన్లలో ఇమిడేది కాదు. అందుకే ఆ రాత్రి వాడికి చెప్పిందే ఇవాళ మీకూ చెప్తున్నా.

ఉయ్యూరు నుంచి అలబామా

సాకేత్ మైనేని 1987 అక్టోబర్‌లో కృష్ణా జిల్లా ఉయ్యూరులో పుట్టాడు. పెరిగిందీ, ఆడిందీ వైజాగ్‌లో. ఆరడుగులు దాటిన ఎత్తు. ఆ ఎత్తుకు తగ్గ సర్వీస్. నిషికోరి అతనికంటే రెండేళ్లు చిన్న, 1989 డిసెంబర్. అంటే ఇద్దరిదీ దాదాపు ఒకే బ్యాచ్.

ఇక్కడ చూడండి తేడా. నిషికోరిది జపాన్‌లో మత్సుయె అనే ఊరు. టోక్యో కాదు, ఓ మోస్తరు పట్నం. అయితే సోనీ కంపెనీ పెద్దల్లో ఒకరైన మసాకి మొరిటా పేరుతో అక్కడ ఒక టెన్నిస్ ఫండ్ ఉంది. టాలెంట్ ఉన్న పిల్లల్ని ఏరి, ఖర్చు పెట్టుకుని అమెరికా పంపిస్తారు. పద్నాలుగేళ్లు నిండేలోపే నిషికోరి అలా ఫ్లోరిడాలోని ఐఎంజీ అకాడమీకి చేరాడు. అతని మీద పెట్టుకున్న టార్గెట్‌కు ఒక పేరు కూడా ఉండేది: 'ప్రాజెక్ట్ 45'. ఎందుకంటే అప్పటిదాకా జపాన్ మగవాళ్లలో బెస్ట్ ర్యాంక్ షుజో మత్సువోకాది, 46. దానికంటే ఒక్క మెట్టు పైకెక్కితే చాలని మొదలుపెట్టారు. నిషికోరి 2015 మార్చిలో 4వ ర్యాంక్‌కు చేరాడు.

సాకేత్ వెనకాల అలాంటి ప్రాజెక్ట్ ఏదీ లేదు. అతను ఎంచుకున్న దారి వేరు. అమెరికాలోని అలబామా యూనివర్సిటీలో చేరి, చదువుకుంటూ కాలేజీ టీమ్‌కు ఆడాడు. ఇరవై దాటాక గానీ ఫుల్‌టైమ్ ప్రొఫెషనల్ సర్క్యూట్‌లోకి రాలేదు. టెన్నిస్ లెక్కల్లో అది లేటే. నిషికోరి పద్దెనిమిదేళ్లకే, 2008లో డెల్రే బీచ్‌లో ఏటీపీ టైటిల్ కొట్టేశాడు.

"అంటె చదువుకుంట ఆడిండా?" అన్నాడు మావాడు. గొంతులో కొంచెం అనుమానం. అక్క నన్ను పంపించిన పని ఇదేనని కనిపెట్టేశాడన్నమాట.

"ఆగురా. ఇంకా అయిపోలే" అన్నాను.

ర్యాంకింగ్ అంటే అద్దె ఇల్లు

ముందు ప్రొఫెషనల్ టెన్నిస్ ఎలా నడుస్తుందో చూద్దాం. మనకు టీవీలో కనిపించేది పైఅంతస్తు మాత్రమే. వింబుల్డన్, యూఎస్ ఓపెన్ లాంటివి. దాని కింద ఏటీపీ టోర్నీలు. దాని కింద ఛాలెంజర్లు. అన్నింటికంటే కింద ఐటీఎఫ్ టోర్నీలు. ఒకప్పుడు ఫ్యూచర్స్ అనేవాళ్లు, ఇప్పుడు ఎం15, ఎం25 అంటున్నారు.

ఎం15 అంటే టోర్నీ మొత్తం ప్రైజ్ మనీ 15 వేల డాలర్లు. ఒక్కడికి కాదు, ఆడినవాళ్లందరికీ కలిపి. సింగిల్స్ గెలిచినవాడి చేతికి వచ్చేది రెండు వేల డాలర్ల పైచిలుకు. మొదటి రౌండ్‌లో ఓడినవాడికి నూటయాభై డాలర్ల చిల్లర. ఆ డబ్బులోంచే ఫ్లైట్ టికెట్, హోటల్, తిండి, రాకెట్ తీగలు. కోచ్‌ను వెంట తీసుకెళ్తే అతని ఖర్చు కూడా. లెక్క వేయండి, ఏమైనా మిగులుతుందా?

ఇది నా లెక్క కాదు. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్యే 2013 సీజన్ మీద ఒక పెద్ద అధ్యయనం చేయించింది. అందులో తేలిందేంటంటే, మగవాళ్లలో దాదాపు 336వ ర్యాంక్ దగ్గర, ఆడవాళ్లలో 253వ ర్యాంక్ దగ్గర ఖర్చులూ సంపాదనా సమానమవుతాయి. అది కూడా కోచ్ ఖర్చు కలపకుండా. మళ్లీ చదవండి. ప్రపంచంలో 400వ ర్యాంక్ ప్లేయర్ అంటే మామూలోడా? ఆ ఆటలో భూగోళం మొత్తంలో అతనికంటే బాగా ఆడేవాళ్లు 399 మందే. అయినా జేబులోంచి పెట్టుకుని ఆడుతున్నాడు. ఇంకోపక్క మగవాళ్ల ప్రైజ్ మనీలో 60 శాతం టాప్ 50 మందికే పోయింది.

రెండో సంగతి పాయింట్లు. ఎం15 గెలిస్తే 15 పాయింట్లు. గ్రాండ్‌స్లామ్ గెలిస్తే 2000. సంపాదించిన పాయింట్లు 52 వారాలే ఉంటాయి. ఏడాది తిరిగేసరికి అవి పోతాయి. మళ్లీ గెలిస్తేనే నిలబడతావు. అందుకే మావాడికి ఇలా చెప్పాను: టెన్నిస్ ర్యాంక్ సొంతిల్లు కాదురా, అద్దె ఇల్లు. నెలనెలా కిరాయి కట్టకపోతే సామాను రోడ్డు మీదే.

ఇప్పుడు సాకేత్ దగ్గరికి రండి. ఆ కిందిమెట్టు టోర్నీల్లోనే టైటిల్స్ మీద టైటిల్స్ కొట్టుకుంటూ పైకొచ్చాడు. 2014లో ఇండోర్ ఛాలెంజర్ సింగిల్స్ గెలిచాడు. 2015లో వియత్నాం ఛాలెంజర్. ఆ ఏడాదే సింగిల్స్‌లో టాప్ 150 లోపలికి వచ్చాడు. పెద్ద స్పాన్సర్ల ఫొటోషూట్లు లేవు, రీల్స్ లేవు. ఒక్కో మెట్టూ కష్టపడి ఎక్కడమే.

2014 సెప్టెంబర్: ఒకే నెల, రెండు కథలు

మావాడు చూపించిన రీల్‌లోని మ్యాచ్ 2014 సెప్టెంబర్ 6న జరిగింది. రెండ్రోజుల తర్వాత ఫైనల్లో నిషికోరి క్రొయేషియా ప్లేయర్ మారిన్ సిలిచ్ చేతిలో వరుస సెట్లలో ఓడిపోయాడు. అయినా గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ ఫైనల్ ఆడిన మొదటి ఏషియా మగవాడు అతనే.

అదే నెలలో ఇంకోటి జరిగింది. ఇంచియాన్ ఏషియన్ గేమ్స్. మొదట సానియా మీర్జా ఆ గేమ్స్‌కు రానని చెప్పింది. డబ్బు కోసం కాదు, పొగరుతో కూడా కాదు. ఇందాక చెప్పిన అద్దె ఇంటి లెక్కే. ఏషియన్ గేమ్స్‌లో ర్యాంకింగ్ పాయింట్లు ఉండవు. ఆ సమయంలో వేరే టోర్నీలు వదులుకుంటే ఉన్న పాయింట్లు కరిగిపోతాయి. ఆ తర్వాత మనసు మార్చుకుంది. యూఎస్ ఓపెన్ మిక్స్‌డ్ టైటిల్ గెలిచి, టోక్యో వెళ్లి అక్కడ కారా బ్లాక్‌తో కలిసి డబుల్స్ గెలిచి, అటు నుంచి అటే ఇంచియాన్‌లో దిగింది.

అక్కడ ఆమె మిక్స్‌డ్ పార్ట్‌నర్ సాకేత్ మైనేని. సెప్టెంబర్ 29న ఫైనల్. చైనీస్ తైపీ జోడీ పెంగ్, చాన్‌ల మీద 6-4, 6-3. గోల్డ్! హైదరాబాద్ అమ్మాయి, వైజాగ్ అబ్బాయి. రాష్ట్రం విడిపోయి అప్పటికి నాలుగు నెలలైనా కాలేదు. కోర్టులో మాత్రం రెండు రాష్ట్రాలూ ఒకే పక్క నిలబడి ఆడాయి. అదే గేమ్స్‌లో సనమ్ సింగ్‌తో కలిసి సాకేత్ మగవాళ్ల డబుల్స్ సిల్వర్ కూడా తెచ్చాడు.

"గోల్డ్ మెడల్ కొట్టిండా? మరి మాకెందుకు తెల్వది మామా?"

దానికి నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉందా?

2016: దగ్గరిదాకా వచ్చి

ఇక 2016. సాకేత్ కెరీర్ మొత్తం ఒక్క ఏడాదిలో అర్థం చేసుకోవాలంటే ఇదే.

జూన్‌లో రియో ఒలింపిక్స్ టీమ్ సెలెక్షన్. రోహన్ బోపన్న అప్పుడు డబుల్స్‌లో టాప్ టెన్‌లో ఉన్నాడు, కాబట్టి అతనికి నేరుగా ఎంట్రీ. పార్ట్‌నర్‌గా ఎవరు కావాలంటే అతను రాసిచ్చిన పేరు సాకేత్ మైనేని. లియాండర్ పేస్ కాదు, సాకేత్! ఆలోచించండి. నీకంటే ఎంతో పై ర్యాంక్‌లో ఉన్న సీనియర్, దేశమంతా తెలిసిన లెజెండ్‌ను పక్కనబెట్టి, "నాకు వీడు కావాలి" అన్నాడు. టెన్నిస్ సంఘం ఒప్పుకోలేదు. పేస్-బోపన్న జోడీని పంపింది. ఆ జోడీ పోలండ్ వాళ్ల చేతిలో మొదటి రౌండ్‌లోనే ఓడి వచ్చేసింది. సాకేత్‌కు ఒలింపిక్స్ అలా చేతిదాకా వచ్చి జారిపోయింది.

అదే రియోలో నిషికోరి నడాల్‌ను ఓడించి బ్రాంజ్ గెలిచాడు. టెన్నిస్‌లో జపాన్‌కు 96 ఏళ్ల తర్వాత వచ్చిన ఒలింపిక్ మెడల్ అది.

ఇంట్లో కూర్చుని బాధపడితే ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు. సాకేత్ మాత్రం ఆగస్టులో న్యూయార్క్ పోయి యూఎస్ ఓపెన్ క్వాలిఫయింగ్ ఆడాడు. మూడు మ్యాచ్‌లు గెలిస్తేనే మెయిన్ డ్రా. మూడూ గెలిచాడు. గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ మెయిన్ డ్రాలో పేరు పడింది. ఎక్కడి ఉయ్యూరు, ఎక్కడి న్యూయార్క్!

మొదటి రౌండ్‌లో చెక్ ప్లేయర్ యిర్జీ వెసెలీ. మొదటి సెట్ టైబ్రేక్‌లో పోయింది. రెండోది గెలిచాడు. మూడోదీ గెలిచాడు. ఇంకొక్క సెట్. అప్పుడు కాళ్లు పట్టేశాయి. క్రాంప్స్. నాలుగో సెట్ పోయింది. అయిదో సెట్‌లో కుంటుకుంటూ ఆడుతూ కూడా గెలుపు దరిదాపులదాకా వచ్చాడు. చివరికి 5-7తో ఓడిపోయాడు.

మావాడు లేచి కూర్చున్నాడు. "అరే! గెల్సుడే గదా మామా ఇగ!"

"అవును, గెలుసుడే ఉండె. గెల్వలే."

ఒక మాట మాత్రం చెప్పుకోవాలి. ఆ మొదటి రౌండ్ ఓటమికి వచ్చిన ప్రైజ్ మనీ 43 వేల డాలర్ల పైనే. చిన్న టోర్నీ మొదటి రౌండ్‌లో ఓడితే నూటయాభై, ఇక్కడ ఓడితే 43 వేలు. అందుకే ప్లేయర్లు ఆ మూడు క్వాలిఫయింగ్ మ్యాచ్‌ల కోసం ప్రాణం పెడతారు.

2017లో సాకేత్‌కు అర్జున అవార్డు వచ్చింది. అవార్డు వచ్చిన టైమ్‌కే ఒళ్లు మొండికేసింది. గాయాలు. ఆడకపోతే పాయింట్లు రావు, ఉన్నవి 52 వారాల్లో పోతాయి. ర్యాంక్ మెట్ల మీంచి బంతిలాగా కిందికి దొర్లింది.

తలుపు మూస్తే కిటికీ

ఇక్కడ చాలామంది ఆపేస్తారు. ఆపినా తప్పు లేదు. ముప్పై దాటిన వయసు, పడిపోయిన ర్యాంక్, మళ్లీ కిందిమెట్టు టోర్నీల నుంచి మొదలు.

సాకేత్ తిరిగొచ్చాడు. ఈసారి ఎక్కువగా డబుల్స్ మీద పడ్డాడు. సర్వీస్ బలం ఉంది, నెట్ దగ్గర చేయి ఉంది, ఒంటి మీద భారం తక్కువ. 2022లో యూకీ భాంబ్రీతో కలిసి ఛాలెంజర్ టైటిల్స్ వరసబెట్టి కొట్టాడు. యూకీ కూడా గాయాలతో ఏళ్లు పోగొట్టుకున్నవాడే. ఇద్దరు దెబ్బలు తిన్నవాళ్లు కలిసి డబుల్స్‌లో టాప్ 100లోకి వచ్చారు. 2023లో ఆస్ట్రేలియన్ ఓపెన్, వింబుల్డన్ మెయిన్ డ్రాల్లో ఆడారు. ఆ ఏడాది సెప్టెంబర్‌లో హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో రామ్‌కుమార్ రామనాథన్‌తో కలిసి సాకేత్ ఇంకో సిల్వర్ తెచ్చాడు. ఇంచియాన్ తర్వాత తొమ్మిదేళ్లకు. అప్పటికి వయసు 36కు దగ్గర.

మరి ఆ రీల్‌లోని జపాన్ స్టార్‌కు గాయాలు కాలేదా? అయ్యాయి. 2022 జనవరిలో తుంటికి ఆపరేషన్. ఆడకపోయేసరికి పాయింట్లన్నీ గడువు తీరిపోయి, ఒకప్పటి నంబర్ 4కు ర్యాంకింగ్ లిస్టులో పేరే లేకుండా పోయింది. 2023 జూన్‌లో ప్యూర్టో రికోలో ఒక ఛాలెంజర్ టోర్నీతో తిరిగి మొదలుపెట్టాడు. జొకోవిచ్‌ను ఓడించినవాడు, కోట్లు సంపాదించినవాడు, మళ్లీ చిన్న కోర్టులో, ఖాళీ కుర్చీల మధ్య. ఆ టోర్నీ గెలిచాడు. 2025 జనవరిలో హాంకాంగ్ ఏటీపీ ఫైనల్ ఆడి మళ్లీ టాప్ 100లోకి వచ్చాడు.

రీల్ తీసినవాడు 2014 దగ్గర ఆపేశాడు. అసలు ఆట ఆ తర్వాతే ఉంది.

మన పక్కనే చూడండి. నిజామాబాద్ నిఖత్ జరీన్. 2017లో భుజం గాయంతో ఒక ఏడాది పోయింది. 2019 చివర్లో మేరీ కోమ్‌తో ట్రయల్ బౌట్‌లో ఓడింది. అప్పుడు సోషల్ మీడియాలో ఆమెను తిట్టినవాళ్లు తక్కువేం కాదు. 2022 మేలో ఇస్తాంబుల్‌లో వరల్డ్ ఛాంపియన్ అయింది. 2023లో మళ్లీ అయింది. ఇప్పుడు మన స్టేట్ పోలీస్‌లో డీఎస్పీ. బీర్కూర్ నుంచి చూస్తే నిజామాబాద్ ఏమంత దూరం? 2016లో జిల్లాలు విడిపోకముందు మనదీ నిజామాబాద్ జిల్లానే కదా!

వాడు అడిగిన ప్రశ్న

కథ అయిపోయింది. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. ఎక్కడో మోటర్ నడుస్తున్న చప్పుడు.

అప్పుడు వాడు అడిగాడు. "మామా, నీకు యాదున్నదా? నేను ఇంటర్‌ల ఉన్నప్పుడు జిల్లా టీమ్‌ల సెలెక్ట్ అయిన అని నీకే ఫస్ట్ ఫోన్ చేసిన. నువ్వేమన్నవో యాదున్నదా?"

నాకు గుర్తులేదు.

"ఆట అన్నం పెడతదారా? అన్నవ్."

చీకట్లో వాడి మొహం కనిపించలేదు. నా మొహం వాడికి కనిపించకపోవడం మాత్రం మంచిదైంది.

నేను అన్నానేమో. ఆఫీసులో ఏదో పనిలో ఉండి, సగం వింటూ, మన పెద్దలందరూ అనే మాటే నోటికొచ్చి అనేసి ఉంటాను. నాకది మూడు సెకన్ల మాట. వాడు మూడేళ్లు మోశాడు. ఈ కాలమ్‌లో వారం వారం ప్లేయర్ల కష్టాల గురించి మీకు రాస్తాను. ఇంట్లో ఉన్న ప్లేయర్ ఫోన్ చేస్తే పట్టించుకోలేదు.

"తప్పు మాట్లాడిన రా" అన్నాను. "అడిగిన ప్రశ్న తప్పు కాదు. ఎగతాళి చేసినట్టు అడుగుడు తప్పు. ఆ ప్రశ్న నీతోని కూసోని లెక్కేస్కుంట అడగాల్సి ఉండె. ఇప్పుడు ఏద్దామా?"

ఫోన్ టార్చ్ ఆన్ చేసి, పాత నోట్‌బుక్ తెచ్చాడు. రాత్రి పదకొండు గంటలకు మిద్దె మీద లెక్కలు.

మొదటి లెక్క, డబ్బు. లక్షన్నర ఏడాదికి. ఒక్క ఏడాదితో అయిపోతుందా? కాదు, కనీసం రెండు మూడేళ్లు. అంటే నాలుగున్నర లక్షల దాకా. అక్క బంగారం మొదటి ఏడాదికే సరిపోతుంది. ఈ సంగతి వాడికి అప్పటిదాకా తెలియదు. అమ్మ బంగారం పెడతానందని నేను చెప్తేనే తెలిసింది. చాలాసేపు పెన్ను కదల్లేదు.

రెండోది, దారి. సాకేత్ చదువు వదిలేసి ఆటలోకి పోలేదు, కాలేజీ టీమ్‌లోంచే పోయాడు. మనకు అలబామా లేదు. అయితే డిచ్‌పల్లిలో తెలంగాణ యూనివర్సిటీ ఉంది. కామారెడ్డి జిల్లా డిగ్రీ కాలేజీలు దాని కిందే ఉన్నాయి. యూనివర్సిటీ టీమ్‌కు సెలెక్ట్ అయితే ఇంటర్ యూనివర్సిటీ టోర్నీలు. అక్కడ ఆడితే చూసేవాళ్లు చూస్తారు. చదువు వదిలేస్తే ఈ తలుపు వాడంతట వాడే మూసుకున్నట్టు. ఇది వాడికి అసలు తట్టలేదు. నిజం చెప్తున్నా, ఆ రాత్రి దాకా నాకూ తట్టలేదు.

మూడోది, ఒళ్లు. ఎగిరి స్మాష్ కొట్టే ఆటలో మోకాలు, మడమ, భుజం అన్నీ పణంగా పెట్టినట్టే. ఒక గాయం అయితే ఆరు నెలలు ఏం చేస్తావు? టెన్నిస్‌లో గాయపడి ఆరు నెలలకు పైగా ఆగిపోయినవాళ్లకు ప్రొటెక్టెడ్ ర్యాంకింగ్ అని ఒకటి ఇస్తారు. పాత ర్యాంక్‌తో కొన్ని టోర్నీలు ఆడనిస్తారు. ఊళ్లో ఆడే వాలీబాల్ ప్లేయర్‌కు అలాంటిది ఎవరిస్తారు? డిగ్రీ సర్టిఫికెటే వాడి ప్రొటెక్టెడ్ ర్యాంకింగ్.

నాలుగోది, అన్నం. మన రాష్ట్రంలో ప్రభుత్వ ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటా 2 శాతం. ఉంది కదా అని సంబరపడొద్దు. ఏ లెవల్‌లో ఆడితే ఏ సర్టిఫికెట్ పనికొస్తుందో ముందే చదువుకోవాలి. అప్లై చేసే రోజు చదివితే లేటు.

లెక్కలన్నీ వేశాక వాడు ఒకటే అడిగాడు. "మరి నేను స్టేట్‌కు ఆడుతనా మామా?"

నిజం చెప్పాను. "నాకు తెల్వదురా. ఎవ్వరికీ తెల్వది. సాకేత్‌కు యూఎస్ ఓపెన్‌ల ఆ అయిదో సెట్ గెలుస్తనో లేదో తెల్వదు. అయినా కాళ్లు పట్టేసినంక కూడ సర్వ్ చేసిండు. గెలుపు నీ చేతుల లేదు. ఆడేదానికి ఏర్పాటు చేసుకునుడు మాత్రం నీ చేతులనే ఉన్నది."

మనం పెట్టే కొలతలు

ఈ మాట వాడితో అనలేదు గానీ మీతో అంటున్నా. సక్సెస్ అంటే నంబర్ వన్, లేకపోతే జీరో అని మనకు అలవాటు చేశారు. సినిమాలు అంతే, రీల్స్ అంతే. ఆ కొలత పట్టుకుని చూస్తే సాకేత్ మైనేని ఏ గ్రాండ్‌స్లామ్ గెలవలేదు, సింగిల్స్‌లో టాప్ 100కి రాలేదు. ఇంకో కొలత పట్టుకోండి. ఏషియన్ గేమ్స్‌లో ఒక గోల్డ్, రెండు సిల్వర్లు. గ్రాండ్‌స్లామ్ కోర్టులో అయిదు సెట్లు. దేశం తరఫున డేవిస్ కప్. గాయాల నుంచి తిరిగొచ్చి 35 దాటాక ఇంకో మెడల్. దీన్ని ఫెయిల్యూర్ అనేవాడు ఒక్కసారి ఎండలో రెండు గంటలు ఆడి చూడాలి.

ఇలా ముందు పోయినవాళ్ల వల్లే వెనకొచ్చేవాళ్లకు దారి కొంచెం సాఫీ అవుతుంది. 2024 అక్టోబర్‌లో హైదరాబాద్ కుర్రాడు రిత్విక్ చౌదరి బొల్లిపల్లి, అర్జున్ కాధేతో కలిసి కజకిస్తాన్‌లో అల్మాటీ ఏటీపీ డబుల్స్ టైటిల్ గెలిచాడు. ఆ పేరు మీలో ఎంతమందికి తెలుసు? ఇవాళ ఒకసారి సెర్చ్ చేయండి. మూడేళ్ల తర్వాత "మాకెందుకు తెల్వది" అని మళ్లీ అడగాల్సిన పని ఉండదు.

పొద్దున నేను లేచేసరికి పక్క ఖాళీగా ఉంది. వాడి ఫోన్ ఛార్జింగ్‌లోనే ఉంది, వాడు లేడు. కిందికి దిగితే అక్క చాయ్ పెడుతోంది.

"గ్రౌండ్‌కు పోయిండు. పోయేటప్పుడు 'అమ్మా, నీ బంగారం జోలికి పోకు' అన్నడు. ఏం చెప్పినవ్ తమ్మీ వానికి? ఆట బంద్ చేస్తనన్నడా?"

"లేదక్కా. ఆట బంద్ చెయ్యడు. చదువు గూడ బంద్ చెయ్యడు. కాలేజీ టీమ్‌ల ఆడుతడు. యూనివర్సిటీ సెలెక్షన్స్‌కు పోతడు. ఫైనలియర్ అయినంక అకాడమీ సంగతి మల్ల కూసోని మాట్లాడుకుందం అనుకున్నం."

పేపర్ చదువుతున్న బావ తలెత్తలేదు. కాసేపయ్యాక మాత్రం, "వాని షూస్ అడుగు పోయినయ్. బాన్సువాడ పోయినప్పుడు సూస్తె మంచిగుంటది" అన్నాడు.

ఆట అన్నం పెడుతుందా? ఒక్కోసారి పెడుతుంది, చాలాసార్లు పెట్టదు. ఇంట్లో ఎవరైనా ఫోన్ చేసి "సెలెక్ట్ అయిన" అంటే మాత్రం, ముందు "శభాష్" అనండి. అన్నం సంగతి తర్వాత కూర్చుని లెక్కేసుకోవచ్చు.

మీ ఇంట్లో, మీ వాడకట్టులో ఇలాంటి ప్లేయర్ ఉంటే రాయండి. వచ్చే వారం మళ్లీ కలుద్దాం.